వినే పాటను బట్టి మనిషి తెలివిని అంచనా వేయవచ్చా?

సందేహాలరావు (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. కార్యాలయంలో పుట్టిన వాదన ఇది. ఇంటికి వచ్చినా నన్ను వదలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఒక చిన్న ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారిలో నలుగురిని ఎంచుకోవాలి. ఎంపిక చేసే ముగ్గురిలో నేనొకడిని. దరఖాస్తు చివర తీరిక వేళల్లో ఏమి చేస్తారో రాయమని ఒక గడి ఉంది. ఒక అమ్మాయి అందులో ‘హెవీ మెటల్ సంగీతం వింటాను’ అని రాసింది. గిటార్లు, డ్రమ్స్ పెద్ద చప్పుడుతో మోగించే ఒక రకం రాక్ సంగీతమది. రాత పరీక్షలో ఆమెది రెండో స్థానం. నా సహోద్యోగి ఆ గడి దగ్గర ఆగి, ‘ఈ గోల వినే బుర్రకు నిదానంగా ఆలోచించడం ఎక్కడ వస్తుంది’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ మార్కులు మాత్రం తగ్గించాడు.

నాకు కోపం వచ్చింది. అయినా గట్టిగా ఏమీ అనలేకపోయాను. నాలోనూ అలాంటి అభిప్రాయమే దాక్కుని ఉందేమోనని అనుమానం. శాస్త్రీయ సంగీతం వింటానని ఎవరైనా చెబితే నేనూ కాస్త సర్దుకుని కూర్చుంటాను. మనిషి వినే పాట, మెచ్చే బొమ్మ అతని తెలివి గురించి నిజంగా ఏమైనా చెబుతాయా?

తంత్రీనాదం

చెబుతాయి. మొహమాటం లేకుండానే అంటున్నాను. నలభై ఏళ్లుగా సంగీతం వింటున్నాను, ఇరవై ఏళ్లుగా నేర్పుతున్నాను. అరగంట సాగే ఒక రచనలో మొదట వినిపించిన చిన్న పలుకు పది నిమిషాల తరువాత వేరే స్థాయిలో, వేరే నడకలో మళ్లీ వస్తుంది. దాన్ని గుర్తుపట్టాలంటే మొదటి రూపం మనసులో నిలవాలి. నడుమ వచ్చినవన్నీ వాటి వాటి చోట్లలో ఉండాలి. రాబోయేదాన్ని ఊహించాలి, ఆ ఊహ తప్పితే అందులోని చమత్కారం పట్టుకోవాలి. జ్ఞాపకం, పోలిక, ఊహ... తెలివి అంటే ఇవి కాక మరేమిటి?

ఒకే ముక్క పదహారుసార్లు తిరిగే మూడు నిమిషాల పాటతో తృప్తిపడే మనసు తనకు తానే ఆ పని తప్పించుకుంటోంది. గాడిద, గంధపు చెక్కల సామెత నేను గుర్తుచేయనక్కరలేదు.

డప్పుల దరువు

గుర్తుచేయనక్కరలేదంటూనే గుర్తుచేశారు. ఆ సామెతలో గాడిద వంతు నాకే వచ్చింది కాబట్టి మొదటి జవాబు నాదే.

పన్నెండేళ్లుగా మెటల్ బృందంలో డ్రమ్స్ వాయిస్తున్నాను. మీరు గోల అనుకునే దానిలో జరిగేది ఒకటి చెబుతాను. గిటారు 7 దెబ్బల ముక్కను పట్టుకుని తిరుగుతూ ఉంటుంది. నా కుడిచేయి మాత్రం తాళం పళ్లెం మీద 4 దెబ్బల లెక్క వదలదు. ఇద్దరం ఒకేచోట మొదలై వెంటనే విడిపోతాము, మళ్లీ కలిసేది 28 దెబ్బలు గడిచాక. ఆ విడిపోయిన కాసేపూ వినేవాడి కాలు దేనికి ఊగాలో తెలియక తడబడుతుంది. కలిసిన క్షణాన ఒళ్లు జలదరిస్తుంది. మీరు చెప్పిన జ్ఞాపకం, పోలిక, ఊహ ఇక్కడా ఉన్నాయి. చప్పుడు ఎక్కువ, అంతే.

లెక్కల మాస్టారు

డప్పుల దరువు గారి 28 సరైనదే. 7కీ 4కీ కనిష్ఠ సామాన్య గుణిజం (క.సా.గు.) పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు ముప్పై ఏళ్లలో దొరకలేదు. ఇకమీదట వాడుకుంటాను.

అసలు ప్రశ్నకు వస్తే, దీన్ని కొలిచినవారు ఉన్నారు. 2003లో రెంట్‌ఫ్రో, గాస్లింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వేలాది మంది విద్యార్థుల సంగీత అభిరుచులను సేకరించి నాలుగు కుప్పలు చేశారు. శాస్త్రీయ సంగీతం, జాజ్, బ్లూస్ వంటివి ఒక కుప్ప. రాక్, హెవీ మెటల్ మరో కుప్ప. సినిమా పాటలు, పాప్ వంటివి ఇంకొకటి. ర్యాప్, నృత్య సంగీతం నాలుగోది. మొదటి కుప్పను ఇష్టపడేవారిలో కొత్త అనుభవాల పట్ల ఆసక్తి, అంటే మనస్తత్వ శాస్త్రం ‘ఓపెన్‌నెస్’ అనే గుణం, స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. మాటల నేర్పు కొలిచే పరీక్షతోనూ సంబంధం ఉంది గానీ అది చిన్నది. ఇక సందేహాలరావు గారి సహోద్యోగికి వినిపించవలసిన సంగతి: రాక్, మెటల్ కుప్పవారిలోనూ ఆ కొత్తదనం మీది ఆసక్తి, ఆ మాటల నేర్పు కాస్త ఎక్కువ వైపే మొగ్గాయి.

చిన్న సంబంధం అంటే ఎంత చిన్నదో చెప్పాలి, అందరూ జారేది ఇక్కడే. రెండు విషయాల మధ్య సహసంబంధం (ఏ సంబంధమూ లేకపోతే 0, పూర్తిగా కలిసి నడిస్తే 1) 0.2 అనుకోండి. దాన్ని వర్గం చేస్తే 0.04. అంటే మనుషుల తెలివిలోని తేడాలలో నూటికి నాలుగు పాళ్లు అభిరుచితో కలిసి నడుస్తున్నాయి, మిగతా తొంభై ఆరు పాళ్ల గురించి ఆ గడి నోరు విప్పదు. వెయ్యి మందిని కలిపి చూసినప్పుడు కనిపించే ఈ సన్నని వాలును ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి అంటగట్టడం లెక్కల ప్రకారం తప్పు. మర్యాద ప్రకారం కూడా తప్పే, కానీ అది నా సబ్జెక్టు కాదు.

చంటిదాని అమ్మ

చర్చ మధ్యలో నాదొక గృహస్థు ప్రశ్న. కడుపులో ఉన్నప్పటి నుంచి మా పాపకు మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వినిపిస్తున్నాము. తెలివి పెరుగుతుందని ఎక్కడో చదివాను. ఇప్పుడు దానికి రెండేళ్లు. మొజార్ట్ పెడితే వెళ్లి ఆపేస్తుంది. ఇదంతా వృథాయేనా?

లెక్కల మాస్టారు

ఆపేయడం ఎలాగో రెండేళ్లకే నేర్చుకుంది, తెలివికి లోటేమీ లేదమ్మా.

ఆ కథ పుట్టింది 1993లో. రౌషర్, షా, కై అనే ముగ్గురు 36 మంది కళాశాల విద్యార్థులకు పది నిమిషాలు మొజార్ట్ రచించిన రెండు పియానోల సొనాటా వినిపించారు. వెంటనే కాగితం మడతలు ఊహించడం వంటి పరీక్ష పెట్టారు. ఐక్యూ లెక్కలోకి మార్చి చూస్తే ఎనిమిది, తొమ్మిది పాయింట్లు ఎక్కువ వచ్చాయి. పావుగంటలో ఆ ప్రభావం పోయింది. గమనించండి: పెద్దవాళ్లు, ఒకే రకం పరీక్ష, పావుగంట. అందులో పసిపిల్లలు లేనే లేరు. అయినా 1998 నాటికి అమెరికాలోని జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ శాస్త్రీయ సంగీతం పంచడానికి బడ్జెట్‌లో 1,05,000 డాలర్లు అడిగే దాకా పోయింది వ్యవహారం.

తరువాత చాలామంది ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. మొజార్ట్ బదులు ఆసక్తికరమైన కథ వినిపించినా, ఆ కథ నచ్చినవారికి అదే లాభం వచ్చింది. హుషారుగా ఉన్న మనిషి పరీక్ష కాస్త బాగా రాస్తాడు, అంతే సంగతి. సంగీతం నేర్చుకోవడం వేరే మాట. 2004లో షెలెన్‌బర్గ్ ఆరేళ్ల పిల్లలు 144 మందిని తీసుకుని కొందరికి ఏడాదిపాటు సంగీతం నేర్పిస్తే, నాటకం నేర్చుకున్నవారి కన్నా, ఏమీ నేర్చుకోనివారి కన్నా ఐక్యూ రెండు మూడు పాయింట్లు ఎక్కువ పెరిగింది. 2020లో సాలా, గోబే ఇలాంటి 54 అధ్యయనాలు కలిపి చూస్తే, ప్రయోగం ఎంత కట్టుదిట్టంగా చేస్తే లాభం అంత కరిగిపోతోందని తేలింది.

పాప ఆపేస్తే ఆపేయనివ్వండి. దానికి ఏది నచ్చితే అది పెట్టండి.

నిశ్శబ్దం

ఈ వేదికలో నాలుగేళ్లుగా చదువరిని మాత్రమే. ఈ శీర్షిక చూసి మొదటిసారి రాస్తున్నాను.

నాకు సంగీతం ఎక్కదు. ఏ సంగీతమూ. చెవుల్లో లోపం లేదు, అపస్వరం వస్తే తెలుస్తుంది, పాట విషాదమా ఉల్లాసమా అంటే చెప్పగలను. కానీ లోపల ఏమీ కదలదు. పక్క గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టు ఉంటుంది. సంగీతం, సాహిత్యం రానివాడు తోకా కొమ్ములూ లేని పశువని పెద్దలు అన్నారట. బడిలో ఆ శ్లోకం వల్లె వేయించిన రోజున నా వీపు తడుముకున్నాను, తోక మొలుస్తోందేమోనని. ‘మీకు ఏ పాట ఇష్టం’ అని ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పడం అప్పటి నుంచే అలవాటు. రెండు పేర్లు బట్టీ పట్టి ఉంచుకున్నాను. ఒకటి పెద్దల ముందు చెప్పడానికి, ఒకటి కుర్రవాళ్ల ముందు.

2014లో బార్సిలోనా పరిశోధకులు నాలాంటి వారిని పరీక్షించారని చదివినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. డబ్బు గెలిచే ఆట ఆడిస్తే వీరి గుండె అందరిలాగే వేగంగా కొట్టుకుంది. సంగీతం పెడితే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అంటే ఆనందించే శక్తి ఉంది, సంగీతానికి వెళ్లే దారి ఒక్కటే మూసుకుంది. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1914లో తన గురించి దాదాపు ఇదే రాసుకున్నాడు: సంగీతం నుంచి ఆనందం పొందడం తనకు ఇంచుమించు చేతకాదని. డార్విన్‌కు చిన్నప్పుడు కవిత్వం, సంగీతం ప్రాణం. వయసు మళ్లేసరికి అవి రుచించడం ఇంచుమించు మానేశాయని, తన బుర్ర వాస్తవాల కుప్పల్లోంచి సూత్రాలు పిండే యంత్రంగా మారిపోయిందని దిగులుపడ్డాడు.

తంత్రీనాదం గారూ, మీ కొలబద్దతో వీళ్లిద్దరినీ ఏ వరుసలో కూర్చోబెడతారు?

తంత్రీనాదం

నిశ్శబ్దం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. తోక మాట నా నోటి నుంచి కూడా చాలాసార్లు వచ్చింది, విద్యార్థుల ముందు. ఎదురుగా మీలాంటివారు ఉండి ఉండవచ్చని ఏనాడూ తోచలేదు. క్షమించండి.

నా వాదన మాత్రం ఇంకా ఉంది. సంగీతం ఎక్కనివారికి తెలివి లేదని అనను. ఎక్కేవారిలో, లోతైనదాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారికి ఒక మానసిక శక్తి ఉంటుందని అంటాను.

పలకాబలపం

తంత్రీనాదం గారి ‘ఎక్కేవారిలో’ అనే మాట పట్టుకుంటాను. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెబుతాను. విలియమ్స్ సిండ్రోమ్ అనే స్థితి ఒకటి ఉంది. ఏడో క్రోమోజోములో పాతిక పైచిలుకు జన్యువులుండే ముక్క లోపించి పుడతారు. ఐక్యూ పరీక్షలలో చాలామందికి 50 నుంచి 60 దాకా వస్తుంది. చిల్లర లెక్కపెట్టడం, బొమ్మను చూసి గీయడం కష్టం. కానీ సంగీతం మొదలైతే వాళ్లను చూడాలి. పాటలోని దుఃఖానికి వెక్కి వెక్కి ఏడుస్తారు. పాట ఆగిపోయాక కూడా గంటల తరబడి ఆ మూడ్‌లోనే ఉంటారు. లయ తప్పకుండా చప్పట్లు కొడతారు.

తెలివిని సంగీతంతో తూచేవారు ఈ పిల్లలను ఒక్కసారి చూడాలి. శిశువుకూ పశువుకూ పాముకూ కూడా గానరసం తెలుసునని ఆ పెద్దలే అన్నారు కదా. పాము సంగతి నమ్మకండి, దానికి బయటి చెవులే లేవు, బూర కదలికను చూసి ఊగుతుంది. శిశువు సంగతి మాత్రం నిజం.

కుంచె

మూడు రోజులుగా అందరూ సంగీతాన్నే పట్టుకున్నారు. శీర్షికలో లేకపోయినా సందేహాలరావు గారు బొమ్మల గురించీ అడిగారు, ఆ బాధ్యత నేను తీసుకుంటాను. నేను చిత్రకళ నేర్పుతాను.

1964లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పియెర్ బ్రాసో అనే కొత్త ఫ్రెంచి చిత్రకారుడి నైరూప్య చిత్రాలు (స్పష్టమైన ఆకారాలు లేని బొమ్మలు) ప్రదర్శనకు వచ్చాయి. ఒక విమర్శకుడు ఆ కుంచె విసురులో బ్యాలే నర్తకి సుకుమారం చూశాడు. మరొకడు, ఇలా గీయగలిగేది కోతి మాత్రమేనని విసుక్కున్నాడు. రెండోవాడు గెలిచాడు. చిత్రకారుడు పీటర్ అనే చింపాంజీ, ఒక పాత్రికేయుడు చేసిన కొంటెపని అది. విమర్శకులందరినీ వెక్కిరించడానికి ఈ కథ చెబుతుంటారు. నాకు మాత్రం ఆ రెండో విమర్శకుడంటే గౌరవం. తిట్టాడు కదా అని ఎవరూ అతని పేరు గుర్తుపెట్టుకోలేదు గానీ, చూసింది మాత్రం అతనే.

ఎందుకంటే ‘మా పిల్లాడు కూడా గీస్తాడు’ అన్నమాట అంత నిజం కాదు. 2011లో హాలీ-డోలన్, విన్నర్ పేరున్న నైరూప్య చిత్రకారుల బొమ్మలను చిన్నపిల్లలు, కోతులు, ఏనుగులు గీసిన వాటితో జంటలు కట్టి చూపించి, ఏది మెరుగని అడిగారు. కొన్నిచోట్ల పేర్లు తారుమారు చేసి కూడా పెట్టారు. అయినా ఎక్కువసార్లు చిత్రకారుడి బొమ్మనే ఎంచుకున్నారు, చిత్రకళ విద్యార్థులే కాదు, ఆ చదువు లేనివారు కూడా. చూపుకు ఏదో అందుతోంది. దానికి గొప్ప తెలివి అక్కరలేదు, కాసేపు నిలబడి చూడాలి.

ఇక అభిరుచికి అసలు కారణం వేరే ఉందని నా నమ్మకం. ఫ్రాన్స్‌లో పియెర్ బూర్దియో అనే సామాజిక శాస్త్రవేత్త 1960లలో 1,217 మందిని ఏ సంగీతం ఇష్టం, ఏది అందమైన ఫోటో అవుతుంది అని అడిగి, జవాబులను వారి చదువుతో, తండ్రి వృత్తితో పోల్చాడు. శాస్త్రీయ స్వరకర్త బాఖ్ పేరు చెప్పినవారు ఒక అంతస్తులో, వాల్ట్జ్ అనే తేలికైన నృత్య సంగీతం పేరు చెప్పినవారు మరో అంతస్తులో తేలారు. ‘నాకిది ఇష్టం’ అనే మాటలో ‘నేను ఎక్కడ పెరిగాను’ అనేది దాగి ఉంటుందని అతని వాదన. నా తరగతిలో రోజూ చూస్తున్నాను. ఇంట్లో గోడమీద బొమ్మ ఉన్న పిల్లాడు మొదటి రోజే రంగుల గురించి మాట్లాడతాడు. లేని పిల్లాడు ఆరు నెలలు నోరు విప్పడు. ఆ తరువాత ఇద్దరిలో ఎవరు ముందుంటారో నేను ఇంతవరకు ఒక్కసారి కూడా సరిగా ఊహించలేదు.

డప్పుల దరువు

కుంచె గారి మాటకు ఒక తోక (నిశ్శబ్దం గారు మన్నించాలి). ఇప్పుడు పెద్ద అంతస్తువాళ్లు శాస్త్రీయం ఒక్కటే వింటామని చెప్పరు, ‘అన్నీ వింటాను’ అంటారు. 1996లోనే పీటర్సన్, కెర్న్ అమెరికా సర్వేలు రెండు పోల్చి ఈ మార్పు చూపించారు. ఇప్పుడు అన్నీ వినడమే దర్జా. అయినా ‘అన్నీ వింటాను, మెటల్ తప్ప’ అని చాలామంది అంటారు. ఆ ‘తప్ప’ దగ్గరే మనిషి దొరికిపోతాడు.

లెక్కల మాస్టారు

మెటల్ అభిమానుల కోసం మరో సంగతి. 2007లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయం వారు, ప్రతిభావంతులుగా ఎంపికైన 1,057 మంది బడి పిల్లలను సంగీతం గురించి అడిగారు. వారిలో మెటల్ వినేవారు తక్కువేమీ కాదు. కోపం, ఒత్తిడి దించుకోవడానికి వింటున్నామని కొందరు చెప్పారు. మెటల్ వింటే తెలివైనవారని దీనర్థం కాదు. డప్పుల దరువు గారు ఈ పేరాను ముద్రించి గోడకు అంటించుకోకండి.

డప్పుల దరువు

అంటించేశాను.

నిర్వాహకులు

ఇద్దరు కొత్త సభ్యులు ఒకరి అభిమాన గాయకుడిని మరొకరు దూషిస్తూ రాసిన ఎనిమిది వ్యాఖ్యలు తొలగించాము. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. విషయం మీదే రాయండి.

తంత్రీనాదం

నిర్వాహకుల సామెతలో బుద్ధి, రుచి పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకదాన్ని బట్టి మరొకటి చెప్పవచ్చని లేదు. ఇప్పుడే గమనించాను.

ఒక పాత సంగతి చెబుతాను, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా శిష్యుడొకడు ఒక రికార్డింగు తెచ్చి, ఫలానా మహావిద్వాంసుడి అరుదైన కచేరీ అన్నాడు. కళ్లు మూసుకుని విన్నాను. ఆ గమకంలోని పరిణతి గురించి పావుగంట మాట్లాడాను. అది వాడు తన గదిలో వాయించుకుని రికార్డు చేసినదట. వాడు నవ్వలేదు, నేనే బలవంతంగా నవ్వాను. పెద్ద పెద్దవాళ్లకే తప్పలేదని తరువాత తెలిసి కాస్త ఊరట. వయొలిన్ విద్వాంసుడు క్రైస్లర్ కొన్ని రచనలను పాత స్వరకర్తల పేర్లతో ఏళ్ల తరబడి వాయించి, అవి తనవేనని 1935లో ఒప్పుకున్నాడు. అప్పటిదాకా వాటిలో పాతకాలపు పరిమళం చూసినవారు ఎందరో.

ఆ రోజు నేను విన్నది సంగీతాన్ని కాదు, పేరును. అదే వాయింపును ఆ కుర్రవాడి పేరుతో విని ఉంటే మూడు తప్పులు పట్టి ఉండేవాడిని. అభిరుచి చెప్పే దానిలో ఎంత చెవిది, ఎంత పేరుది అన్నది నాకు నేనే విడదీసి చెప్పలేను. మరి దరఖాస్తులో ఒక గడి చూసి మీ సహోద్యోగి ఎలా చెబుతారు?

డప్పుల దరువు గారూ, ఆ 28 దెబ్బల ముక్క ఒకటి పంపండి. మొదట నెమ్మదిగా ఉన్నది.

నిశ్శబ్దం

నాకూ పంపండి. ఆనందం కోసం కాదు. లెక్క పట్టుకోగలనేమో చూస్తాను.

సందేహాలరావు

వారం తరువాత రాస్తున్నందుకు మన్నించండి. నిన్న మా సమావేశం ముగిసింది.

మాస్టారి నూటికి నాలుగు పాళ్ల లెక్క తీసుకుని వెళ్లాను. సహోద్యోగితో వాదించే ముందు నా కాగితాలు సరిచూసుకుందామని పాత దరఖాస్తులు తీశాను, రెండేళ్లవి. ఒకచోట ‘వయొలిన్ వాయిస్తాడు’ అన్న మాట పక్కన నా చేతిరాతతోనే ఒక టిక్కు ఉంది. మరో రెండు చోట్ల కూడా ఉంది. ఆ ముగ్గురిలో ఇద్దరిని నేనే గట్టిగా బలపరిచినట్టు గుర్తు. మార్కులు తగ్గించినవాడిని తప్పుపట్టడానికి వెళ్లి, కలిపినవాడిగా దొరికిపోయాను. ఆ కాగితాలే అతని ముందు పెట్టాను. వాదన అవసరం రాలేదు. ఆ గడి తీసేస్తున్నాము. అమ్మాయికి తగ్గించిన మార్కులు తిరిగి కలిపారు, వచ్చే నెల చేరుతోంది.

డప్పుల దరువు

శుభవార్త. ఆమె ఏ బృందాలు వింటుందో కాస్త అడిగి చెబుతారా?

సందేహాలరావు

అడగడం మానేశామని ఇప్పుడే కదండీ రాశాను.